మీకు తెలుసా? ‘సెల్’ అంటే చిన్న గది!

హైదరాబాద్‌లో ఏ అపార్ట్‌మెంటైనా తీసుకోండి. ఒకాయన సెల్లార్‌లో బండి పెట్టి, సెల్‌లో మాట్లాడుతూ మెట్లెక్కుతాడు. ఇంట్లోకి రాగానే, ఆగిపోయిన గోడ గడియారానికి కొత్త సెల్లు వేస్తాడు. పక్కనే కూతురు రేపటి సైన్స్ పరీక్ష కోసం జంతుకణం బొమ్మ గీసుకుని, కింద ‘యానిమల్ సెల్’ అని రాసుకుంటూ ఉంటుంది. సెల్లారు, సెల్ ఫోను, గడియారం సెల్లు, జంతువు సెల్లు. నాలుగూ ఒకే తల్లి బిడ్డలు. ఆ తల్లి లాటిన్ మాట ‘సెల్లా’. అర్థం, చిన్న గది.

జీవశాస్త్రవేత్తలు, రసాయన శాస్త్రవేత్తలు, వాతావరణ నిపుణులు, కంప్యూటర్ ఇంజనీర్లు ఎవరికి వాళ్లు ఈ గదిని తెచ్చుకుని తమ సామాను సర్దుకున్నారు. వాటిని ఒక్కొక్కటే తెరిచి చూద్దాం. ప్రతిచోటా రెండు ప్రశ్నలు వేసుకుందాం: గోడ ఏది? లోపల ఏముంది?

దాచుకునే చోటు

రోమన్లకు ‘సెల్లా’ అంటే ధాన్యమో, నూనో, ద్రాక్షసారాయో దాచుకునే కొట్టు. గుడిలో దేవుడి విగ్రహం ఉండే లోపలి గదిని, అంటే మన గర్భగుడి లాంటి దాన్ని, అదే మాటతో పిలిచారు. తేనెపట్టులోని అరలకూ అదే పేరు. ఈ మాట వేళ్లలో ఉన్న భావం ‘కప్పిపెట్టడం, దాచడం’. అందుకే సరుకు దాచే నేలమాళిగ సెల్లార్ అయింది. మఠంలో సన్యాసి ఒంటరిగా ప్రార్థన చేసుకునే గది సెల్ అయింది. ఆ తర్వాత జైల్లో ఖైదీ గదీ సెల్ అయింది. తనకు తానుగా తలుపు వేసుకున్న మనిషికీ, ఇంకొకరు తలుపు వేస్తే లోపల మిగిలిన మనిషికీ ఒకే మాట! కలెక్టరాఫీసులో గ్రీవెన్స్ సెల్, పార్టీల్లో లీగల్ సెల్ కూడా ఈ వంశానివే. పెద్ద సంస్థలో ఒక పనికోసం విడిగా ఏర్పాటు చేసిన చిన్న విభాగం అన్నమాట.

ఘనపు అంగుళంలో 125 కోట్ల గదులు

ఈ మాట సైన్స్‌లో అడుగుపెట్టింది ఒక సీసా బిరడా పుణ్యమా అని. స్ప్రింగుల సూత్రంతో మన బడి పుస్తకాల్లో కనిపించే రాబర్ట్ హుక్ 1665లో ‘మైక్రోగ్రాఫియా’ అనే గ్రంథం వెలువరించాడు. అప్పటికి ఆయనకు ముప్పయ్యేళ్లు నిండలేదు. బిరడా చేసే కార్క్ ఎందుకంత తేలిక, నొక్కితే ఎందుకు అణుగుతుంది, నీళ్లను ఎందుకు పీల్చుకోదు అన్నది ఆయన సందేహం. మంగలికత్తిలా నూరిన చాకుతో కార్క్‌ను పల్చటి పొరగా కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. తేనెపట్టులాగా గోడలూ, గోడల మధ్య ఖాళీ అరలూ కనిపించాయి. వాటికి ‘సెల్’ అని పేరు పెట్టాడు.

హుక్ చూసి ఊరుకోలేదు, లెక్క కట్టాడు. అంగుళంలో పద్దెనిమిదో వంతు పొడవున సుమారు 60 గదులున్నాయి. అంటే అంగుళానికి 1,080. చదరపు అంగుళానికి 11,66,400. ఘనపు అంగుళానికి 1,25,97,12,000. చిటికెన వేలి పొడవైనా లేని బిరడాలో, ఇప్పటి భారతదేశ జనాభాతో పోల్చదగినన్ని గదులు!

కార్క్ ఓక్ చెట్టు బెరడు నుంచి వస్తుంది. హుక్ చూసిన కణాలు ఎప్పుడో చనిపోయినవి. లోపలి పదార్థం పోయి గోడలే మిగిలాయి. పచ్చి మొక్కల్లో అవే గదులు రసంతో నిండి ఉండటం కూడా ఆయన గమనించాడు. ఆ రసంలోనే ప్రాణం ఉందన్న సంగతి మాత్రం ఆయన కాలానికి అందలేదు.

గోడ పోయింది, పేరు మిగిలింది

దాదాపు 170 ఏళ్ల తర్వాత జర్మనీలో ఇద్దరు ఆ గదుల ప్రాముఖ్యాన్ని పట్టుకున్నారు. మొక్కలన్నీ కణాలతో కట్టినవేనని 1838లో ష్లైడెన్, జంతువులూ అంతేనని 1839లో ష్వాన్ తేల్చారు. అయితే జంతువుల కణాలకు మొక్కల కణాలకు ఉన్నట్టు గట్టి గోడ ఉండదు. పల్చటి పొర మాత్రమే ఉంటుంది. 1861లో మాక్స్ షుల్ట్‌జె అసలు సంగతి తేటతెల్లం చేశాడు: కణం అంటే కేంద్రకం ఉన్న ఒక జీవపదార్థపు ముద్ద, గోడ ఉన్నా లేకున్నా అది కణమే. అప్పటికి ‘గది’ అన్న పేరు పాతుకుపోయింది. గదిలో కాపురం ఉన్న ప్రాణిని కూడా గది అనే పిలవాల్సి వచ్చింది.

ఇక్కడ మన భాష వేరే దారి పట్టింది. ‘కణం’ అంటే నలుసు, రవ్వ. ఈ మాటలో గోడ ఊసే లేదు. ఇంగ్లిష్ మాట చుట్టూ ఉన్న గోడను చూసి పుట్టింది, మన మాట లోపలి ముద్దను చూసినట్టుంది. అందుకే మనం మొక్కల గురించి ‘కణకవచం’ అని విడిగా చెప్పుకుంటే అర్థం చక్కగా అతుకుతుంది: కణం వేరు, దాని కవచం వేరు.

మీ ఒంట్లో ఎన్ని గదులు?

ఒక మనిషి శరీరంలో సుమారు 30 లక్షల కోట్ల కణాలు ఉంటాయని అంచనా. అందులో అయిదింట నాలుగు వంతులకు పైగా ఎర్ర రక్తకణాలే. విచిత్రమేమిటంటే, పక్వమైన ఎర్ర రక్తకణంలో కేంద్రకం ఉండదు. ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌కు చోటివ్వడానికి అది తన కేంద్రకాన్ని బయటికి నెట్టేస్తుంది. షుల్ట్‌జె నిర్వచనం మన రక్తంలోనే తప్పిపోయిందన్నమాట.

అన్ని కణాలూ కంటికి కనిపించనివి కావు. నిప్పుకోడి గుడ్డులోని పచ్చసొన ఒకే ఒక్క కణం. నడుము దగ్గర వెన్నుపాములో మొదలై కాలి వేళ్ల దాకా పోయే నాడీకణం ఇంచుమించు మీటరు పొడవుంటుంది.

ఇక మన ఏజెన్సీ ప్రాంతాల్లో ఈ మాట ఒక జబ్బు పేరుగా వినిపిస్తుంది. అదే సికిల్ సెల్. గుండ్రంగా, మెత్తగా ఉండాల్సిన ఎర్ర కణం కొడవలిలా వంగి, బిరుసెక్కి, సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. దీన్ని 1910లో షికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ తొలిసారి వైద్య పత్రికలో వివరించాడు. తల్లిదండ్రులిద్దరిలో ఈ లక్షణం దాగి ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. పెళ్లికి ముందే చిన్న రక్తపరీక్షతో ఆ సంగతి తెలుసుకోవచ్చు. జబ్బు వంశంలో ఉందని తెలిసినవాళ్లు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే చాలు.

నిజంగానే కుండ!

రసాయనశాస్త్రం తెలుగు పుస్తకాల్లో ‘సెల్’ను ‘ఘటం’ అంటారు. గాల్వానిక్ ఘటం, డేనియల్ ఘటం. ఘటమంటే కుండ. ఈ పేరు ఎంత సరిగ్గా కుదిరిందో తెలియాలంటే 200 ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

ఇటలీవాడైన వోల్టా 1800లో తన కొత్త పరికరం గురించి లండన్‌కు ఉత్తరం రాశాడు. జింకు బిళ్ల, రాగి లేదా వెండి బిళ్ల, మధ్యలో ఉప్పునీళ్లలో తడిపిన అట్ట. ఇలా ఒకదానిమీద ఒకటి పేర్చుకుంటూ పోతే ఆగకుండా కరెంటు వచ్చింది. బిళ్లల దొంతరలో అట్టలు ఆరిపోవడం, నీరు కారిపోవడం పెద్ద చిక్కు. ఇంగ్లండ్‌లో క్రూక్‌షాంక్ ఒక పొడవాటి చెక్క తొట్టెను అరలు అరలుగా విభజించి, అరల్లో ద్రావణం పోశాడు. ఆ అరలే ‘సెల్స్’. కరెంటుకు గది దొరికింది.

1836లో లండన్ కింగ్స్ కాలేజీ ఆచార్యుడు డేనియల్ ఇంకా మెరుగైనది చేశాడు. రాగి పాత్రలో మైలుతుత్తం ద్రావణం, అందులో ఇంకో గిన్నె, ఆ గిన్నెలో ఆమ్లమూ జింకు కడ్డీ. రెండు ద్రావణాలూ కలవకూడదు, విద్యుత్తు మాత్రం దాటాలి. అందుకు మొదట ఎద్దు అన్నవాహిక పొరను వాడాడు. తర్వాత ఆ స్థానంలో నీరు ఊరే మట్టిపాత్ర వచ్చింది. వేసవిలో మన మంచినీళ్ల కుండ చెమర్చడానికి కారణమైన ఆ సన్నటి రంధ్రాలే అక్కడ పని చేశాయి. గోడ మట్టిది, లోపల రసాయనం. ‘ఘటం’ అన్న తెలుగు పేరు ఉత్త అనువాదం కాదు, ఉన్నదున్నట్టు చెప్పిన మాట. ఒక్కో డేనియల్ ఘటం ఇచ్చేది సుమారు 1.1 వోల్టులు. వాటిని వరసగా కలిపి దేశదేశాల్లో టెలిగ్రాఫ్ తీగలు నడిపారు.

దుకాణంలో మన మాటే సరైనది

‘రెండు పెన్సిల్ సెల్లు ఇవ్వండి’ అని అడుగుతాం. ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లలో చాలామంది వాటిని ‘బ్యాటరీలు’ అంటారు. శాస్త్రప్రకారం మన మాటే సరి! రిమోట్‌లో వేసే 1.5 వోల్టులది ఒక్క సెల్. సెల్స్‌ను కొన్నింటిని కలిపి కడితే అది బ్యాటరీ. బ్యాటరీ అంటే అసలు ఫిరంగుల వరస. విద్యుత్ పరికరాలను వరసగా కలిపి ఒక్కసారి ప్రయోగించడం ఫిరంగుల దళాన్ని పోలి ఉందని 1749లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఆ పేరు వాడాడు. కారు బ్యాటరీ మూత పైన వరసగా ఆరు బిరడాలు చూసే ఉంటారు. ఒక్కో బిరడా కింద ఒక్కో గది, ఒక్కో గదిలో రెండు వోల్టులు. ఆరు రెళ్లు పన్నెండు.

మంచినీళ్లిచ్చే సెల్

నీటిలోకి కరెంటు పంపితే హైడ్రోజన్, ఆక్సిజన్ విడిపోతాయి. మరి ఆ రెంటినీ తిరిగి కలిపితే కరెంటు రావాలి కదా! 1839లో ఈ పనే చేసి చూపించాడు వేల్స్ దేశస్థుడు విలియం గ్రోవ్. ఆయన వృత్తి న్యాయవాదం. దీన్నే ఇప్పుడు ఫ్యూయల్ సెల్ అంటున్నాం. మామూలు సెల్లులో సరుకు ముందే లోపల ఉంటుంది, అయిపోతే పారేస్తాం. ఫ్యూయల్ సెల్‌కు పొయ్యికి గ్యాస్ ఇచ్చినట్టు బయటి నుంచి ఇంధనం అందిస్తూ ఉంటే అది పనిచేస్తూనే ఉంటుంది. వెలువడేది నీరు.

చంద్రుడి మీదికి వెళ్లిన అపోలో నౌకల్లో కరెంటూ, వ్యోమగాములు తాగే నీరూ ఈ సెల్స్ నుంచే వచ్చాయి. 1970 ఏప్రిల్‌లో అపోలో 13లో ఆక్సిజన్ ట్యాంకు పేలినప్పుడు ముంచుకొచ్చిన ముప్పు ఊపిరిది మాత్రమే కాదు. ఆక్సిజన్ లేక ఫ్యూయల్ సెల్స్ ఆగిపోయాయి. దాంతో కరెంటు పోయింది, నీటికీ కటకట వచ్చింది. ముగ్గురు వ్యోమగాములు చంద్రుడిపై దిగడానికి తెచ్చుకున్న చిన్న నౌకలోకి మారి, దాని బ్యాటరీలను పొదుపుగా వాడుకుంటూ ప్రాణాలతో తిరిగొచ్చారు.

గోడల్లేని సెల్

ఇంటి కప్పు మీది సోలార్ ప్యానెల్‌లో నీలి పలకలు కనిపిస్తాయి. అందులో ఒక్కో పలకా ఒక సెల్. అక్కడ ద్రావణం లేదు, పాత్ర లేదు, గోడా లేదు. ఉన్నది పల్చటి సిలికాన్ బిళ్ల. కరెంటునిచ్చే ప్రతి చిన్న పరికరానికీ సెల్ అన్న పేరు అప్పటికే స్థిరపడింది కాబట్టి దీనికీ వచ్చింది. 1954 ఏప్రిల్ 25న అమెరికాలోని బెల్ ల్యాబ్స్ తొలి సిలికాన్ సోలార్ సెల్‌ను లోకానికి చూపింది. తనపై పడిన వెలుగులో సుమారు 6 శాతాన్ని అది కరెంటుగా మార్చింది. 1958 మార్చిలో వాన్‌గార్డ్ 1 ఉపగ్రహంలో రెండు రకాల సెల్స్‌నూ పంపారు. రసాయన సెల్స్ ఆ జూన్‌లోనే నిండుకున్నాయి. ఎండతో నడిచే ట్రాన్స్‌మిటర్ 1964 దాకా భూమికి సంకేతాలు పంపుతూనే ఉంది.

టవర్ల తేనెపట్టు

సెల్ ఫోన్‌లో సెల్ అంటే లోపలి బ్యాటరీ అనుకునేవాళ్లు ఉన్నారు. కాదు. ఆ సెల్ మీ చేతిలో లేదు, మీరే అందులో ఉన్నారు!

పూర్వం కారుల్లో అమర్చిన రేడియో ఫోన్లకు ఊరంతటికీ ఒకే పొడవాటి టవరు ఉండేది. ఉన్న కొద్ది ఛానళ్లూ ఊరంతా పంచుకోవాలి. కొందరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు వేచి ఉండాల్సిందే. 1947 డిసెంబరులో బెల్ ల్యాబ్స్‌కు చెందిన డి.హెచ్. రింగ్ ఒక అంతర్గత నివేదికలో ఉపాయం రాశాడు. ఊరిని చిన్న చిన్న గదులుగా విభజిద్దాం. గదికో చిన్న టవరు పెడదాం. పక్కపక్క గదుల్లో వేరు వేరు ఛానళ్లు వాడి, కాస్త ఎడంగా ఉన్న గదిలో మళ్లీ మొదటి ఛానళ్లే వాడదాం. మనిషి కదులుతూ గది దాటితే, మాట తెగకుండా పక్క టవరు అందుకోవాలి. మీరు విజయవాడ నుంచి గుంటూరుకు బస్సులో మాట్లాడుకుంటూ వెళ్తుంటే, దారి పొడవునా ఒక గది మిమ్మల్ని ఇంకో గదికి అప్పగిస్తూ ఉంటుంది.

ఆ గదుల్ని కాగితం మీద ఆరు భుజాలతో గీస్తారు. భుజాలూ కోణాలూ అన్నీ సమానంగా ఉండి, సందు లేకుండా నేలను పరచగల ఆకారాలు మూడే: త్రిభుజం, చతురస్రం, షడ్భుజం. టవరు వెలువరించే గుండ్రటి పరిధికి ఈ మూడింటిలో దగ్గరగా ఉండేది షడ్భుజమే. తేనెటీగలకూ ఇదే లాభించింది. 100 చదరపు మిల్లీమీటర్ల గదికి త్రిభుజమైతే 45.6, చతురస్రమైతే 40, షడ్భుజమైతే 37.2 మిల్లీమీటర్ల గోడ చాలు. తక్కువ మైనంతో ఎక్కువ తేనె. సమాన వైశాల్యాలుగా విభజించడానికి అన్నిటికన్నా తక్కువ గోడ పట్టేది షడ్భుజాల అమరికేనని గణితపరంగా పూర్తిగా నిరూపించింది మాత్రం 1999లో, థామస్ హేల్స్. రోమన్లు తేనెపట్టు అరకు పెట్టిన పేరే, రెండు వేల ఏళ్లకు అదే ఆకారంతో టవర్ల పటంలోకి వచ్చి కూర్చుంది.

మన దేశంలో తొలి మొబైల్ కాల్ 1995 జులై 31న కోల్‌కతా నుంచి ఢిల్లీకి వెళ్లింది. అప్పటి బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు.

ఒక కాలనీలో కుండపోత, పక్క కాలనీలో ఎండ

వేసవి సాయంత్రం. ఒక వీధిలో ఈదురుగాలి, వడగళ్లు, కుండపోత. నాలుగు కిలోమీటర్ల అవతల నేల తడవదు. అరగంటలో అంతా సద్దుమణుగుతుంది. దీనికి కారణమైన మేఘపు ముక్కను వాతావరణ నిపుణులు సెల్ అంటారు. వేడి గాలి పైకి ఎగదన్నడం, వాన బరువుతో చల్లగాలి కిందికి దూకడం, చివరికి ఆ చల్లగాలే పైకొచ్చే వేడిగాలిని అడ్డుకుని మేఘాన్ని ఆర్పేయడం, ఇదీ ఒక సెల్ జీవితం. సాధారణంగా అరగంట నుంచి గంట. 1946, 47లలో అమెరికాలో బయర్స్, బ్రహమ్ అనే శాస్త్రవేత్తలు ఉరుముల మేఘాల్లోకే విమానాలు పంపి ఈ మూడు దశలనూ గుర్తించారు.

ఇంకా పెద్ద గదులున్నాయి. భూమధ్యరేఖ దగ్గర వేడెక్కిన గాలి పైకి లేచి, ధ్రువాల వైపు సాగి, సుమారు 30 డిగ్రీల అక్షాంశం దగ్గర కిందికి దిగి, నేలబారున తిరిగి వస్తుంది. ఈ చక్రం హాడ్లీ సెల్. వ్యాపార పవనాలు ఎందుకు అలా వీస్తాయో 1735లో వివరించిన జార్జ్ హాడ్లీ పేరది. గాలి దిగేచోట మేఘాలు కట్టవు కాబట్టే సహారా లాంటి పెద్ద ఎడారులు ఆ ప్రాంతాల్లో ఉన్నాయి. ఇక్కడ గోడలన్నీ గాలివే.

సూర్యుడి మీద గళ్లు

1900లో ఫ్రాన్స్‌లో హెన్రీ బెనార్డ్ కరిగించిన తిమింగలపు మైనాన్ని పల్చటి పొరగా పోసి, అడుగు నుంచి సమంగా వేడి చేశాడు. ఎవరూ గీయకుండానే పొర మీద షడ్భుజాల గళ్లు ఏర్పడ్డాయి. ప్రతి గడిలోనూ మధ్యలో వేడి ద్రవం లేస్తోంది, అంచుల్లో చల్లబడింది దిగుతోంది. దాన్ని బెనార్డ్ సెల్ అంటారు. సూర్యుడి ఉపరితలం కూడా ఇలాగే లేచి దిగే గళ్లతో కుతకుతలాడుతోంది. ఒక్కో గడి వెడల్పు సుమారు వెయ్యి కిలోమీటర్లు. ఇచ్ఛాపురం నుంచి తిరుపతి దాకా ఒక్క గడిలో ఇమిడిపోతుంది. దాని ఆయుష్షు మాత్రం పట్టుమని ఇరవై నిమిషాలు ఉండదు.

ఉప్పు రవ్వలో బంగళా

వంటింటి ఉప్పు రవ్వను భూతద్దంలో చూడండి, ఘనంలా కనిపిస్తుంది. దాన్ని నిర్మించిన ఇటుక పేరు యూనిట్ సెల్. అందులో నాలుగు సోడియం, నాలుగు క్లోరిన్ అయాన్లు. అంచు పొడవు 0.564 నానోమీటర్లు. 0.3 మిల్లీమీటర్ల రవ్వలో ఒక్క అంచు పొడవునా ఇలాంటివి అయిదు లక్షలకు పైగా వరసకట్టి ఉంటాయి. ఎక్స్‌రేలతో ఈ అమరికను 1913లో ఛేదించినవాళ్లు తండ్రీకొడుకులు, విలియం బ్రాగ్, లారెన్స్ బ్రాగ్. రెండేళ్లకు నోబెల్ అందుకునేనాటికి కొడుకు వయసు పాతికేళ్లు. ఈ గదికి గోడలు మన ఊహలోనే ఉంటాయి. అయినా ఉప్పు స్ఫటికం లక్షణమంతా ఆ ఊహాగదిలోనే ఉంది.

రెండు ‘మెమరీ సెల్స్’

వ్యాధి నిరోధక శాస్త్రంలో మెమరీ సెల్ అంటే ఒకసారి వచ్చిన క్రిమిని గుర్తుపెట్టుకునే తెల్లరక్తకణం. టీకాల రహస్యం అదే. 1918 నాటి ఫ్లూ కాలంలో పిల్లలుగా ఉండి, 90 ఏళ్లు దాటి బతికిన వాళ్ల రక్తాన్ని పరిశోధకులు పరీక్షించి 2008లో ఫలితాలు ప్రకటించారు. ఆ వైరస్‌ను గుర్తుపట్టే కణాలు తొమ్మిది దశాబ్దాల తర్వాత కూడా కనిపించాయి.

కంప్యూటర్‌లోనూ మెమరీ సెల్ ఉంది. 1968లో పేటెంట్ పొందిన ఐబీఎం ఇంజనీర్ రాబర్ట్ డెనార్డ్ రూపకల్పనలో ఒక ట్రాన్సిస్టర్, ఒక కెపాసిటర్ కలిస్తే ఒక సెల్. దాచిన విద్యుదావేశం కారిపోతూ ఉంటుంది కనుక, సాధారణంగా 64 మిల్లీసెకన్లకోసారి గుర్తుచేస్తూ ఉండాలి. పేరు ఒక్కటే. ఒకటి తొంభై ఏళ్లు మరవనిది, రెండోది రెప్పపాటుకే మరిచిపోయేది.

గడి, వెండితెర

లెక్కల కోసం తెరిచే ఎక్సెల్ పట్టికలో సెల్‌కు తెలుగులో చక్కటి మాట ఉంది, గడి. నేడు ఒక్క షీటులో 10,48,576 అడ్డు వరసలు, 16,384 నిలువు వరసలు. మొత్తం 1,717 కోట్ల పైచిలుకు గళ్లు. హుక్ లెక్కలో చెబితే పదమూడు ఘనపు అంగుళాల పైగా కార్క్!

మొక్కల కణాల గోడలకు బలమిచ్చే పదార్థాన్ని 1838లో ఫ్రాన్స్‌లో అన్సెల్మ్ పాయెన్ వేరు చేశాడు. అదే సెల్యులోజ్. దాన్ని నైట్రిక్ ఆమ్లంతో మార్చి, కర్పూరం కలిపితే సెల్యులాయిడ్. దానితో ఫిల్ము, ఫిల్ముతో సినిమా. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో విడుదలైననాడు థియేటర్ యంత్రాల్లో తిరిగింది ఈ రకం ఫిల్మే. హుక్ చూసిన ఖాళీ గది గోడలే కరిగి, వెండితెర మీద బొమ్మలాడాయి.

మన ‘కణం’ మాటేమిటి?

ఇంగ్లిష్‌లో ఒక మాటకు ఇన్ని అర్థాలు. తెలుగు వాటిని కణం, ఘటం, గడి, గది, అర అని విడదీసి పంచింది. నేను తెలుగు మీడియంలో చదువుకున్నాను. జీవకణానికీ డేనియల్ ఘటానికీ చుట్టరికం ఉందని ఇంటర్‌లో ఇంగ్లిష్ పుస్తకం పట్టుకునేదాకా నాకు తెలియలేదు. తెలిశాక మాత్రం రెండూ ఇంకా బాగా అర్థమయ్యాయి.

అలాగని మన మాటల్లో ఈ చిక్కు లేదనుకోకండి. ఎలక్ట్రాన్, ప్రోటాన్‌లనూ మనం కణాలే అంటాం. కణ జీవశాస్త్రంలో కణం లోపల కోటానుకోట్ల అణువులుంటాయి, కణ భౌతికశాస్త్రంలో అణువుకన్నా చిన్నది కణం. మౌలిక కణాలంటే క్వార్కులు, ఎలక్ట్రాన్లు వగైరా. మూలకణాలంటే రక్తంగానో ఎముకగానో మారగల స్టెమ్ సెల్స్. పరీక్ష హాల్లో ఒక్క అక్షరం తడబడితే శాస్త్రమే మారిపోతుంది. అందుకే మాస్టార్లకూ తల్లిదండ్రులకూ ఒక విన్నపం. పిల్లలు ‘ఈ సెల్, ఆ సెల్ ఒకటేనా?’ అని అడిగితే ‘అది వేరే సబ్జెక్టు’ అని తోసేయకండి. తెలుగు మాట, ఇంగ్లిష్ మాట పక్కపక్కన పెట్టి, గోడ ఏది, లోపల ఏముంది అని వాళ్లనే అడగండి.

మొదటి పాఠం ఇవాళ సాయంత్రమే చెప్పొచ్చు. వాన వెలిశాక పెరట్లో తూనీగ వాలుతుంది. పట్టుకోకుండా, కాస్త దగ్గరికెళ్లి ఎండకు ఎదురుగా దాని రెక్కను చూడమనండి. సన్నటి ఈనెల మధ్య అద్దాల్లాంటి వందలాది గళ్లు. ఆ ఒక్కో గడినీ కీటక శాస్త్రజ్ఞులు సెల్ అనే అంటారు.